రోమన్లు లండన్ వాళ్ళలా ఎందుకు మాట్లాడతారు? పాతకాలపు సినిమాల్లో ‘కరెక్టు యాస’ గురించి

మీరు అడిగింది ఇదీ: ‘గ్లాడియేటర్’ (2000) ఇంగ్లీషులో చూశారు. కథ జరిగేది రోములో, హీరో పాత్రేమో స్పెయిన్ నుంచి వచ్చినవాడు, అయినా అందరూ ఇంగ్లండ్ వాళ్ళలా మాట్లాడతారు. ఇది తప్పు కాదా? అసలు ఏ యాస పెడితే కరెక్టు? తెలుగు డబ్బింగులో అందరి మాటా ఒకేలా ఉంటుంది కదా, అప్పుడు ఏమైనా పోతుందా?

నా పని డబ్బింగ్ సినిమాలకి తెలుగు మాటలు రాయడం, డబ్బింగ్ థియేటర్లో కూర్చుని ఆర్టిస్టుల చేత చెప్పించడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అందుకని మీ చివరి ప్రశ్న నాకు బాగా దగ్గరిది, దానికి చివర్లో వస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. కరెక్టు యాస అంటూ ఏదీ లేదు. ‘గ్లాడియేటర్’ కథ క్రీ.శ. 180లో మొదలవుతుంది. అప్పటికి ఇంగ్లీషు అనే భాషే పుట్టలేదు. దాన్ని బ్రిటన్‌కి తెచ్చిన ఆంగ్లులు, శాక్సన్లు అక్కడ స్థిరపడింది 5వ శతాబ్దంలో. కాబట్టి సినిమాలో మనం వినే ప్రతి మాటా అనువాదమే. ఆ అనువాదాన్ని లండన్ యాసలో చెప్పినా, న్యూయార్క్ యాసలో చెప్పినా, సిడ్నీ యాసలో చెప్పినా అసలు రోముకి అన్నీ అంతే దూరం. మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇద్దరు మనుషులు ఎదురుపడినప్పుడు వాళ్ళ మాటల్లో తేడా వినిపిస్తోందా, ఆ తేడా కథలో వాళ్ళ మధ్య ఉన్న తేడాతో కలుస్తోందా? యాసకి సినిమాలో ఉన్న పని ఇదొక్కటే.

మరి ఇంగ్లండ్ యాసే ఎందుకు అలవాటైంది? సగం కారణం నాటకరంగం. రోమన్ దుస్తుల్లో రాజకీయాలు మాట్లాడటం ఇంగ్లీషు ప్రేక్షకులు ఎప్పట్నుంచో షేక్‌స్పియర్ నాటకాల్లో చూస్తున్నారు, ఆ నాటకాలతో ఆరితేరిన నటులు ఇంగ్లండ్ వాళ్ళు. మిగతా సగం అమెరికన్ల చెవి. వాళ్ళకి ఇంగ్లండ్ యాస పరాయిగా వినిపిస్తుంది కానీ అర్థమవుతుంది, పాతగా, పెద్దింటి మాటలా ఉంటుంది. పైగా 1776లో వాళ్ళు తిరగబడింది ఇంగ్లండ్ రాజు మీదే, కాబట్టి ‘సామ్రాజ్యం’ అనగానే వాళ్ళకి చెవిలో మోగేది ఆ గొంతే.

దీన్ని తెలిసి తెలిసి వాడుకున్న సినిమాలు రెండు. 1959 నాటి ‘బెన్‌హర్’లో రోమన్ అధికారుల నోట ఎక్కువగా ఇంగ్లండ్ యాస వినిపిస్తుంది, యూదుడైన హీరో చార్ల్‌టన్ హెస్టన్ అమెరికన్. నూటికి నూరుపాళ్ళూ అలా లేదు (ఎస్తేరుగా వేసిన హాయా హరారీత్ ఇజ్రాయెల్ నటి), కానీ గీత ఎక్కడ గీశారో తెలిసిపోతుంది. మరుసటి ఏడాది ‘స్పార్టకస్’ ఇంకా స్పష్టం. సెనేటర్లు లారెన్స్ ఒలీవియే, చార్ల్స్ లాటన్. బానిసలు కిర్క్ డగ్లస్, టోనీ కర్టిస్. పైవాళ్ళు లండన్ రంగస్థలం, కిందివాళ్ళు అమెరికా వీధి. టోనీ కర్టిస్ న్యూయార్క్ యాస మీద అప్పట్లో చాలామంది నవ్వారు. నాకు మాత్రం ఆ బానిస మాటలో యజమాని చదువు అంటకపోవడమే సరిగ్గా అనిపిస్తుంది, అయితే అతను కవిత్వం చెప్పే బానిస కాబట్టి కొంచెం ఇబ్బంది ఉన్న మాట నిజమే.

ఆ సినిమాలోనే మా వృత్తి వాళ్ళు ఎప్పుడూ చెప్పుకునే సంగతి ఒకటుంది. ఒలీవియే స్నానాల గదిలో కర్టిస్‌తో మాట్లాడే సీన్ అప్పట్లో సెన్సారు ఇబ్బందుల వల్ల తీసేశారు. 1991లో సినిమాని బాగుచేసి మళ్ళీ విడుదల చేసేటప్పుడు ఆ సీన్ బొమ్మ దొరికింది, శబ్దం లేదు. ఒలీవియే 1989లోనే పోయారు. కర్టిస్ ముప్పై ఏళ్ళ తరవాత తన మాట తనే చెప్పుకున్నాడు, ఒలీవియే గొంతు మాత్రం ఆంథొనీ హాప్కిన్స్ ఇచ్చాడు. హాప్కిన్స్ అసలు వేల్స్ మనిషి. ఆ రోమన్ ప్రభువు గొంతు మనం నిజం అనుకుని వింటున్నామే, అది ఒక వేల్స్ నటుడు ఒక ఇంగ్లండ్ నటుణ్ణి అనుకరించి చెప్పినది. నేను కొత్త ఆర్టిస్టులకి ఆ సీన్ వేసి చూపిస్తాను. ఎక్కడ గొంతు మారిందో చాలామంది పట్టుకోలేరు.

ఇంకో విషయం. మనం ‘పాతకాలపు మాట’ అనుకునే ఆ పెద్దింటి ఇంగ్లండ్ ఉచ్చారణ ఏమంత పాతది కాదు. అది గట్టిపడింది 19వ శతాబ్దపు ఖరీదైన బడుల్లో, తరవాత బీబీసీ రేడియో దాన్ని దేశమంతా వినిపించింది. షేక్‌స్పియర్ కాలపు లండన్‌లో మాట చివర ‘ర’ని పలికేవాళ్ళు. ఇప్పుడు ఆ ‘ర’ని నిలబెట్టుకున్నది చాలామంది అమెరికన్లు, వదిలేసింది లండన్ పెద్దమనుషులు. కాబట్టి ‘అమెరికన్ యాస పెడితే మరీ ఆధునికంగా ఉంటుంది’ అనే వాదన చెవి అలవాటు మీద నిలబడిందే గానీ చరిత్ర మీద కాదు.

ఇక్కడిదాకా చాలామందికి తెలిసినదే. నాకు అసలు ఆసక్తి దీని తరవాత నుంచి. ఎందుకంటే ఆ కాలం మనుషులకే యాసల గొడవ పీకల్దాకా ఉంది, సినిమాలు దాన్ని దాదాపు ముట్టుకోవు.

వెస్పేసియన్ చక్రవర్తి, అంటే కొలోసియం కట్టడం మొదలుపెట్టినాయన, పల్లెటూరి వైపు నుంచి వచ్చినవాడు. బళ్ళని లాటిన్‌లో ‘ప్లౌస్ట్రా’ అనాలి, ఆయన ‘ప్లోస్ట్రా’ అనేవాడు. ఫ్లోరస్ అనే ఒక పెద్దమనిషి ‘అలా కాదు, ఔ అని పలకాలి’ అని సరిదిద్దాడు. మర్నాడు చక్రవర్తి ఆయన్ని ‘ఏం ఫ్లౌరస్ గారూ’ అని పలకరించాడు. దీన్ని రాసిపెట్టింది సుటోనియస్ అనే రోమన్ చరిత్రకారుడు. అంటే సింహాసనం మీద కూర్చున్నవాడి నోట్లో పల్లె ‘ఓ’ ఉంది, కింద నిలబడ్డవాడి నోట్లో పట్నం ‘ఔ’ ఉంది.

హేడ్రియన్ సంగతి ఇంకోలా జరిగింది. కుర్రవాడిగా ఉన్నప్పుడు ట్రేజన్ చక్రవర్తి ప్రసంగాన్ని సెనేట్లో చదివి వినిపించాల్సి వస్తే, ఆ పలుకులోని మోటుతనానికి అందరూ నవ్వారట. పట్టుబట్టి లాటిన్ నేర్చుకుని నెగ్గుకొచ్చాడు, ఆనక తనే చక్రవర్తి అయ్యాడు. ఇప్పటి లిబియాలోని లెప్టిస్ మాగ్నాలో పుట్టిన సెప్టిమియస్ సెవరస్ చక్రవర్తి ముసలితనం దాకా ఆఫ్రికా యాస పోగొట్టుకోలేదని పాత జీవిత చరిత్ర చెబుతుంది. ఆయన సొంత చెల్లెలు రోముకి వస్తే, ఆమెకి లాటిన్ సరిగ్గా రాదని సిగ్గుపడి కానుకలిచ్చి వెనక్కి పంపించేశాడట. ఆ ఒక్క సీన్ చాలు సినిమాకి. గుమ్మంలో చెల్లెలు, చుట్టూ నవ్వు ఆపుకుంటున్న దర్బారు, ఏ భాషలో పలకరించాలో తెలియక నిలబడ్డ చక్రవర్తి. ఈ సీన్ తీసేవాళ్ళు ఇద్దరి చేతా ఒకే లండన్ ఇంగ్లీషు మాట్లాడిస్తే ఇంకేం మిగులుతుంది?

గ్రీకు వైపు చూస్తే థియోఫ్రాస్టస్ కథ ఉంది, చెప్పినది రోమన్ వక్త సిసెరో. థియోఫ్రాస్టస్ లెస్బోస్ ద్వీపంలో పుట్టి ఏథెన్స్‌లో ఏళ్ళ తరబడి బతికిన మహా పండితుడు, అరిస్టాటిల్ తరవాత ఆయన బడిని నడిపినవాడు. ఒకరోజు బజారులో ఓ ముసలమ్మ దగ్గర ఏదో బేరమాడితే, ఆవిడ ధర చెప్పి, ‘అంతకు తగ్గదు పరాయూరి అయ్యా’ అందట. ఊళ్ళో అందరికంటే బాగా మాట్లాడతాడని పేరున్న మనిషి ఆయన. బజారు ముసలమ్మ చెవికి రెండు ముక్కల్లో దొరికిపోయాడు.

బైబిల్ చదివేవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. పేతురు ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో నిలబడి ‘ఆయనెవరో నాకు తెలియదు’ అంటుంటే, పక్కనున్నవాళ్ళు పట్టేసింది ఆయన గలిలయ మాటనే. యేసు కథ మీద ఇన్ని సినిమాలు వచ్చాయి కదా, పేతురు మాటకీ యెరూషలేము వాళ్ళ మాటకీ తేడా పెట్టకపోతే ఆ సీన్‌లో ఆ పక్కనున్నవాళ్ళు ఎలా గుర్తుపట్టారో ప్రేక్షకుడికి ఎలా తెలుస్తుంది? ఈ విషయంలో ‘ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’ (1988) మీద వచ్చిన ఎగతాళి నాకు అన్యాయంగా తోస్తుంది. యూదాగా వేసిన హార్వీ కైటెల్ న్యూయార్క్ యాసలోనే మాట్లాడాడు, పిలాతు వేసిన డేవిడ్ బౌయీ మాత్రం ఇంగ్లండ్ మనిషి. కూలిపని, చేపల పని చేసుకునేవాళ్ళు ఒకలాగా, పాలించడానికి వచ్చినవాడు ఇంకోలాగా. చెవికి అంతా తేటతెల్లమే.

నాటకం రాసేవాళ్ళు కూడా అప్పట్లోనే ఈ పని చేశారు. అరిస్టోఫనీస్ క్రీ.పూ. 411 నాటి నాటకంలో స్పార్టా ఆడమనిషి చేత స్పార్టా యాసలోనే మాట్లాడించాడు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన కొందరు అనువాదకులు ఆమెకి స్కాట్లండ్ మాట పెట్టారు. మన దగ్గర సంస్కృత నాటకమైతే మొత్తం దీని మీదే నడుస్తుంది: రాజుకి సంస్కృతం, ఆడవాళ్ళకి శౌరసేనీ ప్రాకృతం, కిందివాళ్ళకి మాగధి. ‘మృచ్ఛకటికం’లో రాజుగారి బావమరిది ‘స’ పలకలేక అన్నిచోట్లా ‘శ’ అంటాడు, వసంతసేనని వశంతశేన చేసేస్తాడు, అందుకే వాడి పేరు శకారుడు. శూద్రకుడు ఒక్క అక్షరంతో ఆ మనిషి గర్వాన్నీ చదువులేనితనాన్నీ మన ముందు పెట్టాడు.

ఈ లెక్కన చూస్తే బాగా ఆలోచించి దెబ్బతిన్న సినిమా ఒలివర్ స్టోన్ తీసిన ‘అలెగ్జాండర్’ (2004). అందులో కాలిన్ ఫారెల్ తన ఐరిష్ యాసతోనే మాట్లాడాడు, మాసిడోనియన్ పాత్రలు వేసిన ఇంకొందరికీ అదే పెట్టారు. జనం నవ్వారు. కానీ దాని వెనక ఉన్న లెక్క సరైనదే: ఏథెన్స్ వాళ్ళు మాసిడోనియన్లని ఎలా చూసేవాళ్ళో ఇంగ్లండ్ పెద్దలు ఐర్లండ్ వాళ్ళని అలా చూసేవాళ్ళు. తల్లి ఒలింపియాస్ ఎపైరస్ నుంచి వచ్చిన కోడలు కాబట్టి ఏంజెలీనా జోలీకి వేరే పరాయి యాస పెట్టడమూ అర్థమవుతుంది. గ్రీకు జీవిత చరిత్రకారుడు ప్లూటార్క్ రాసినదాంట్లో తన సేనాని క్లైటస్‌తో తాగి గొడవపడ్డ రాత్రి అలెగ్జాండర్ కాపలావాళ్ళని మాసిడోనియన్ మాటలో కేకేశాడని ఉంది, అంతగా తల్లకిందులయ్యాడన్న మాట. అంటే మామూలుగా ఆయన నోట వచ్చేది వేరే, కోపం ముదిరితే బయటికొచ్చేది ఇంటి మాట. నా దృష్టిలో స్టోన్ తప్పు ఐరిష్ యాస పెట్టడం కాదు, మొదట్నుంచీ చివరిదాకా ఒకే మోతాదులో పెట్టడం. ఆ ఒక్క రాత్రికి దాచిపెట్టుకుని ఉంటే థియేటర్లో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

‘ది ఈగిల్’ (2011) ఇంకో దారి తొక్కింది. రోమన్లకి అమెరికన్ యాస, బ్రిటన్ బానిసకి ఇంగ్లండ్ యాస. మన కాలంలో సైన్యాలు పంపే దేశం ఏదో చూసుకుని దర్శకుడు పాత అలవాటుని తిరగేశాడు. ఉత్తరాన ఉండే తెగకి స్కాటిష్ గేలిక్ పెట్టాడు. 2వ శతాబ్దంలో అక్కడ ఆ భాష ఉండేదన్నది సందేహమే గానీ, రోమన్ సైనికుడికి ఒక్క ముక్కా అర్థం కాని చోట మనకీ అర్థం కాదు. కావలసింది అదే.

‘అయితే లాటిన్‌లోనే తీసేస్తే పోలా’ అంటారు కొందరు. తీశారు కూడా. మెల్ గిబ్సన్ ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ (2004) అరమాయిక్, లాటిన్, హెబ్రూలలో ఉంటుంది. కానీ అందులో లాటిన్ ఉచ్చారణ చర్చిలో వినిపించే తర్వాతి కాలం బాణీ. ఆ తూర్పు ప్రాంతాల్లో రోమన్ అధికారులు జనంతో వాడింది ఎక్కువగా గ్రీకు, అది సినిమాలో లేనేలేదు. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘బార్బేరియన్స్’ నాకు ఇంతకంటే నచ్చింది. జర్మానిక్ తెగలు ఇప్పటి జర్మన్ మాట్లాడతాయి, రోమన్లు పాత ఉచ్చారణతో లాటిన్ మాట్లాడతారు. ఆ పాత ఉచ్చారణలో ‘c’ అక్షరాన్ని ‘చ’ అనో ‘స’ అనో పలికే గోల లేదు, ఎక్కడైనా ‘క’నే, సిసెరో కికెరో అవుతాడు, సీజర్ కైసర్ అవుతాడు. మన తెలుగు బైబిల్ చదివినవాళ్ళకి ఇక్కడ ఒళ్ళు ఝల్లుమంటుంది, ఎందుకంటే కైసరు అనే మాట గ్రీకు దారిలో మన దాకా వచ్చి పల్లెటూరి ప్రార్థన మందిరాల్లో కూడా రోజూ వినిపిస్తుంది. లండన్ నటుడు ‘సీజర్’ అన్నదానికంటే మా వీధి చివర పాస్టరుగారు ‘కైసరు’ అన్నదే ఆ మనిషి తన పేరు తను పలికిన తీరుకి దగ్గర.

ఇక మీ ‘గ్లాడియేటర్’. వాకీన్ ఫీనిక్స్ అమెరికాలో పెరిగినవాడు, చక్రవర్తి కొడుకు కమోడస్ పాత్రకి ఇంగ్లండ్ యాస తెచ్చిపెట్టుకున్నాడు. రసెల్ క్రో న్యూజిలాండ్‌లో పుట్టి ఎక్కువగా ఆస్ట్రేలియాలో పెరిగినవాడు, తన మాటని ఇంగ్లండ్ వైపు లాగాడు. కథలో అతను వేసిన హీరో మాక్సిమస్ అప్పటిదాకా రోము మొహం చూడని మనిషి, అఖాడాలో జనం పెట్టుకున్న పేరే ‘స్పెయిన్ వాడు’. కమోడస్‌కీ అతనికీ మాటలో పట్నానికీ పొలానికీ ఉన్నంత తేడా ఉండాలి, సినిమాలో గొంతు బరువులో తప్ప అంత తేడా లేదు. కాబట్టి మీకు ఎక్కడో తేడాగా అనిపించడం నిజమే, అది రోమన్లకి ఇంగ్లండ్ యాస పెట్టినందుకు కాదు, ఇద్దరికీ దాదాపు ఒకటే పెట్టినందుకు.

ఇప్పుడు తెలుగు. మనకి ఈ విద్య తెలియక కాదు. ‘మాయాబజార్’ (1957)లో రాక్షస శిష్యులు ‘దుష్ట చతుష్టయం’ నోరు తిరగక ‘దుషట చతుషటయం’ అనే చోట పింగళి నాగేంద్రరావుగారు చేసింది శూద్రకుడు చేసిన పనే. తరవాత్తరవాత పాతకాలం అనగానే అందరికీ ఒకే గ్రాంథికం పెట్టేసి, యాసని మాత్రం నవ్వుకోసం, విలన్ కోసం పక్కన పెట్టుకున్నాం. తెలంగాణ మాట చాన్నాళ్ళు సినిమాల్లో రౌడీకో హాస్యగాడికో దక్కింది. ఇది ఆ మాట మాట్లాడేవాళ్ళకి ఎంత నొప్పో నా స్నేహితుల దగ్గర విన్నాను. ‘రుద్రమదేవి’ (2015)లో గోన గన్నారెడ్డికి తెలంగాణ యాస పెట్టినప్పుడు హాల్లో పడ్డ ఈలలు నాకింకా గుర్తు. 13వ శతాబ్దంలో ఎవరూ అలా మాట్లాడి ఉండరు, అయినా ఆ నేల మనిషి ఆ నేల మాటతో గుర్రమెక్కి వచ్చాడు.

డబ్బింగులో జరిగేది మీకు తెలియాలని ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఓ రోమన్ సినిమాకి రాస్తున్నాను, పేరు వద్దు. అందులో రాళ్ళ గనిలో పనిచేసే ముసలి బానిస ఉన్నాడు, ఆ నటుడు స్కాట్లండ్ యాసలో మాట్లాడాడు. కొరడా పట్టుకున్నవాడిని చూసి ‘నేనేం చేశాను దొరా’ అనే అర్థంలో ఒక మాట, చివర్లో ‘మై లార్డ్’. ‘మ’ దగ్గర పెదాలు మూసుకోవాలి, కాబట్టి తెలుగులో కూడా అక్కడ ప, బ, మ ఏదో ఒకటి పడాలి. ‘దొరా’ అంటే పెదవి కలవదు. నేను ‘నానేటి సేసినాను బాబూ’ అని రాశాను. చెప్పిన ఆర్టిస్టు విజయనగరం వైపు మనిషి, వయసు అరవై దాటింది, ఆయన ఆ మాటని నటించలేదు, ఊరికే అనేశాడు. గాజు అద్దం ఇవతల సౌండ్ ఇంజనీరు తల పైకెత్తి చూశాడు. పెదవి కలిసింది, గొంతు కలిసింది, ఆ ముసలాయన నిజంగా అక్కడ రాళ్ళు మోస్తున్నట్టే ఉంది.

మర్నాడు సినిమా కొన్నవాళ్ళ తరఫు మనిషి వచ్చి విని, ‘హాల్లో నవ్వుతారండీ, మార్చేయండి’ అన్నారు. వాదించాను. రిలీజ్ డేట్ టెన్షన్ వాళ్ళది, చివరికి ‘నేనేమి చేశాను ప్రభూ’ అయింది. పెదవికి అదీ సరిపోతుంది. పక్కనున్న సెనేటరు కూడా ‘నేనేమి చేశాను’ లాంటి తెలుగే మాట్లాడుతున్నాడు. అంటే గనిలో ముసలాయనా, పట్టుబట్టల పెద్దమనిషీ ఒకే బడిలో చదువుకున్నట్టు తేలింది. మీరు ‘అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు’ అన్నారు చూడండి, అది ఇలా జరుగుతుంది.

అప్పట్నుంచి నేను యాస పెట్టనివ్వని చోట వేరే దారి వెతుక్కుంటున్నాను. పైవాళ్ళకి ‘నీవు’, ‘సెలవిచ్చారు’, పొడుగు వాక్యాలు. కిందివాళ్ళకి ‘నువ్వు’, ‘అన్నారు’, తుంపులు తుంపులుగా మాట. సంస్కృత సమాసం బానిస నోట్లో పెట్టను. పల్లె నుంచి వచ్చిన సైనికుడికి సామెత ఇస్తాను, పట్నం వాడికి ఇవ్వను. కొంత తేడా నిలుస్తుంది, కానీ ఆ ‘బాబూ’ ఇచ్చినంత ఇవ్వదు.

అందుకే మిమ్మల్నీ ఇది చదివే మిగతావాళ్ళనీ ఒకటి అడగాలని ఉంది, ముఖ్యంగా శ్రీకాకుళం, పాలమూరు, అనంతపురం వైపు వాళ్ళని. రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ బానిస తెర మీద మీ ఇంటి మాటలో ‘నేనేం చేశాను’ అని ఏడిస్తే మీకు నవ్వొస్తుందా? దాచుకోకుండా రాయండి. వచ్చే నెల ఇంకో రోమన్ కథ నా బల్ల మీదకి వస్తోంది, ఈసారి వాదించడానికి మీ జవాబులు నాకు కావాలి.